చిత్రంలో అక్షరం – గ్రీకు చిత్రకారుల మూలాన్వేషణ

మన భాషలో చిత్రాన్ని "వ్రాయడం" అనే వాడుక ఒకటి ఉన్నది. ఈనాడు బొమ్మ గీస్తున్నాం, వేస్తున్నాం. కాని పాత కావ్యభాషలో నాయకుని చిత్తరువును చెలికత్తె వ్రాస్తుంది, రాజులు పటములు వ్రాయిస్తారు. చిత్రలేఖనమనే మాటలో ఆ లేఖనం ఇప్పటికీ కదలకుండా కూర్చుని ఉన్నది. సంస్కృతంలో లిఖ్ ధాతువుకు గీయడమూ, వ్రాయడమూ రెండూ అర్థాలే. గ్రీకు భాషలోనూ సరిగా ఇదే సంగతి. "గ్రాఫో" అనే క్రియకు రెండర్థాలూ కలవు. చిత్రకారుణ్ణి వారు "జోగ్రాఫోస్" అంటారు. ప్రాణమున్నదానిని వ్రాసేవాడు అని వ్యుత్పత్తి. దేవతామూర్తులను చిత్రించే కళకు "అగియోగ్రఫియా" అని పేరు. పవిత్రమైన వ్రాత అని అర్థం చెప్పుకోవచ్చును.

రెండు దూరదేశాల భాషలలో ఒకే భావం ఇలా కనిపించినందువల్లనే ఈ విషయం మీదికి నా మనసు పోయింది. గ్రీకు సంతతికి చెందిన చిత్రకారులు తమ నేల విడిచి ఎక్కడెక్కడికో పోయి అక్కడ చిత్రాలు వేశారు. వారి మూలం ఆ చిత్రాలలో ఎక్కడ దాగి ఉన్నదని వెదికితే, నాకు ఎక్కువసార్లు దొరికినవి అక్షరాలు, ఆ అక్షరాల చుట్టూ ఉన్న బంగారు వెలుగు. పాలరాతి స్తంభాలు దొరకలేదు.

స్తంభాల మాట ఎందుకు ఎత్తానంటే, గ్రీసు అనగానే లోకానికి తట్టేది అవే. పార్థెనాన్ ఆలయం, తెల్లని నగ్న శిల్పాలు, చేతులు విరిగిన వీనస్. (ఆ శిల్పాలకు పూర్వం రంగులు ఉండేవన్న సంగతి కూడ చాలామందికి తెలియదు.) మన వారు యవనులన్నది అయోనియా ప్రాంతపు పేరును బట్టి; పారసీకుల నోట యౌన అయి, మన దగ్గర యవన అయింది. వారు తమను "ఎలీనెస్" అని చెప్పుకున్నారు. మధ్యయుగంలో కాన్‌స్టాంటినోపుల్ రాజధానిగా బైజాంటియం సామ్రాజ్యం నడిచిన వెయ్యేళ్ళూ, ఆ తరువాత కూడా, తమను "రోమేయి" అనగా రోమనులమనే చెప్పుకున్నారు. కళాచరిత్ర పుస్తకాలు చాలావరకు ఈ వెయ్యేళ్ళనూ ఒక్క అంగలో దాటి, అరిస్టాటిల్ కాలం నుంచి తిన్నగా నేటి ఏథెన్సుకు వస్తాయి. అది అన్యాయం. గ్రీకు ఇంటిలో పుట్టిన పిల్లవాడు ముందుగా చూసిన చిత్రం పార్థెనాన్ కాదు. ఇంటి మూల దీపం ముందు మసిపట్టిన కొయ్యపలక మీది దేవమాత బొమ్మ.

ఆ పలకను "ఐకన్" అంటారు. దాని తయారీ గురించి రెండు మాటలు చెప్పుకోవాలి. కొయ్య మీద గుడ్డ పరచి, జిగురు కలిపిన సుద్దపూత పూతమీద పూత వేసి, నునుపు చేసి, బంగారు రేకు అంటించి, గుడ్డుసొనలో కలిపిన రంగులతో చిత్రం వ్రాస్తారు. ముదురురంగు ముందు వేసి, దాని మీద క్రమంగా వెలుగు ఎక్కిస్తారు. చీకటిలోనుంచి ముఖం బయటికి వస్తున్నట్టుంటుంది. నీడ ఒక వైపున పడటమంటూ ఉండదు; వెలుగు బయటి సూర్యుడిది కాదు కనుక. గురువుగారి గీతలకు సూదితో చిల్లులు పొడిచి, వాటిమీద పొడి అద్ది శిష్యులు పలకమీదికి దించుకునేవారు. మన ఆడవాళ్ళు చిల్లుల రేకుతో ముగ్గు దించినట్టే. అన్నిటికన్న ముఖ్యమైనది, చిత్రంలోని మూర్తి పేరు అక్షరాలలో వ్రాయాలి. దేవమాత పక్కన నాలుగక్షరాల సంకేతం, క్రీస్తు పక్కన నాలుగక్షరాల సంకేతం, ఋషులకు వారి వారి పేర్లు. పేరు వ్రాయనిదే ఐకన్ పూర్తి కాదు. శ్రీకాళహస్తి కలంకారీ తెరలలో బొమ్మల వెంట తెలుగు వ్రాత సాగుతుందే, అది చూసినవారికి ఈ సంప్రదాయం కొత్తగా తోచదు.

1453లో కాన్‌స్టాంటినోపుల్ తురుష్కుల వశమయ్యాక ఈ విద్యకు ఆశ్రయమైన చోటు క్రీట్ ద్వీపం. అది అప్పటికి రెండు శతాబ్దాలకు పైగా వెనిస్ నగర రాజ్యం పాలనలో ఉన్నది. రాజధాని కాండియా, నేటి హెరాక్లియోన్. అక్కడి చిత్రకారులు గిరాకీని బట్టి రెండు పద్ధతులలోనూ వ్రాయగలిగేవారు. 1499లో వర్తకులు ముగ్గురు చిత్రకారులకు దేవమాత చిత్రాలు 700 కావాలని ఒప్పందం వ్రాసి ఇచ్చారు. వాటిలో 500 లాటిన్ పద్ధతిలో, 200 గ్రీకు పద్ధతిలో ఉండాలి. గడువు 45 రోజులు. ఈ లెక్క చూసి నవ్వుకునేవారు నవ్వుకోవచ్చును గాని, నాకు ఇందులో ఒక గంభీరమైన విషయం కనబడుతున్నది. "గ్రీకు పద్ధతి" అన్నది అప్పటికే ఒక ఎంపిక అయింది. రెండు తెలిసినవాడు ఒకదానిని ఏరుకుంటాడు. మూలమనేది ఎరుకతో పట్టుకునే వస్తువుగా మారిన ఘట్టం అది.

ఆ కాండియాలో 1541లో పుట్టినవాడు దొమీనికోస్ థియోటోకోపులోస్. ఇంటిపేరును విడదీస్తే "థియోటోకోస్" అనగా దేవమాత, "పులోస్" అనగా బిడ్డ. 1566 నాటికే అతడు ఉపాధ్యాయ చిత్రకారుడుగా దస్తావేజులలో కనబడతాడు. ఆ తరువాత ఒకటి రెండేళ్ళలో వెనిస్ చేరాడు. 1570లో రోముకు, 1577లో స్పెయిన్‌కు పోయాడు. టొలెడో నగరంలో 37 సంవత్సరాలు బ్రతికి, 1614 ఏప్రిల్ 7న అక్కడే కన్నుమూశాడు. లోకం అతణ్ణి "ఎల్ గ్రెకో" అంటుంది. ఈ పేరు చిత్రమైన సంకరం. "గ్రెకో" ఇటాలియన్ మాట; స్పానిష్‌లో ఐతే "గ్రియేగో" అనాలి. ముందున్న "ఎల్" మాత్రం స్పానిష్. పరాయివాళ్ళు పిలిచిన రెండు భాషల అతుకుబొంత అది. అతడు మాత్రం తన చిత్రాలలో దేనిమీదా ఆ పేరు వ్రాసుకోలేదు. చివరివరకు గ్రీకు లిపిలో తన పూర్తి పేరే వ్రాశాడు. కొన్నింటిమీద పేరు పక్కన "క్రీస్", అనగా క్రీట్‌వాడు అని కూడ చేర్చాడు.

తెలుగులో సంతకానికి చక్కని మాట చేవ్రాలు. చేతి వ్రాత. బైజాంటియం సంప్రదాయంలోని చిత్రకారులు పేరు వ్రాసుకునేటప్పుడు "ఖీర్" అనే మాట ముందు పెట్టేవారు. "ఖీర్" అంటే చేయి. "ఖీర్ దొమీనికు" అంటే ఇది దొమీనికోస్ చేయి అని. ఏథెన్సులోని బెనాకి మ్యూజియంలో అతని తొలినాటి చిత్రమొకటి ఉన్నది. లూకా భక్తుడు దేవమాత చిత్రాన్ని వ్రాస్తున్న దృశ్యమది. దానిమీద ఇదే చేవ్రాలు. ఇటలీలోని మోడెనా నగరంలో 1937లో గుర్తించిన చిన్న మూడు పలకల మందసం మీదా ఇదే. నేను చేశానని వాడు అనడు, ఇది చేయి చేసినదంటాడు. వినయం కూడ ఒక ముద్రే.

స్పెయిన్ చేరాక మాట మారింది. అక్కడ పేరు తరువాత "ఎపొయేయి" అని వ్రాశాడు. ఇది వ్యాకరణం చదివినవారికి ఆసక్తి కలిగించే రూపం. భూతకాలమే గాని ముగిసిన భూతం కాదు. "చేసెను" కాదు, "చేయుచుండెను". ఒకటవ శతాబ్దపు రోమన్ పండితుడు ప్లినీ, పూర్వకాలపు గ్రీకు మహాశిల్పులు ఇలాగే అసమాపక భూతంలో వ్రాసుకునేవారనీ, తమ పని ఇంకా పూర్తి కాలేదన్న భావం అందులో ఉన్నదనీ చెప్పాడు. ఐకన్ వ్రాతగాళ్ళ "చేయి" నుంచి ప్రాచీన శిల్పుల "చేయుచుండెను" వరకు ఈ క్రీట్‌వాడు రెండు గ్రీసులనూ తన సంతకంలోనే ఇముడ్చుకున్నాడు.

టొలెడోలో ఆ లిపి చదవగలిగినవారు ఎందరుంటారు? గ్రీకు పండితుడైన మిత్రుడు ఆంటోనియో దె కోవర్రూబియాస్ వంటివారు కొద్దిమంది. మిగిలినవారికి అవి గీతలు. అయినా మానలేదు. ఎస్కోరియల్ కోసం రెండవ ఫిలిప్ రాజు వ్రాయించిన "సెయింట్ మారిస్ బలిదానం" చిత్రంలో (1580–82) అడుగున ఒక పాము నోట కరచుకున్న కాగితంమీద తన పేరు వ్రాశాడు. రాజుకు ఆ చిత్రం నచ్చలేదు. ఉద్దేశించిన పీఠం మీద పెట్టనివ్వక, వేరొకరిచేత మరొకటి వ్రాయించాడు. రాజాశ్రయం పోయింది, పాము నోట కాగితం మిగిలింది.

అతడు మెత్తని మనిషి కాడు. 1579లో ప్రధాన దేవాలయం వారితో ప్రతిఫలం విషయమై వ్యాజ్యం నడిచినపుడు, ఈ నగరానికి ఎందుకు వచ్చావని ప్రశ్నించారు. ఎందుకు వచ్చానో చెప్పవలసిన బాధ్యత నాకు లేదని జవాబిచ్చాడు. 1582లో మాత్రం మతవిచారణ సభ ఎదుట, నేరారోపణకు గురైన ఒక గ్రీకు యువకునికి దుభాషిగా నిలబడ్డాడు. స్పెయిన్‌లో ఆనాడు మతవిచారణ అంటే ఏమిటో తెలిసినవారికి అది సామాన్యమైన సాహసం కాదని తెలుస్తుంది. ఆ యువకుడు విడుదలయ్యాడు. నాకు ఎల్ గ్రెకో స్వభావం చెప్పమంటే ఈ రెండు సంఘటనలూ పక్కపక్కన పెడతాను.

ఇక చిత్రాల మాట. టొలెడోలోని సాన్ తోమే దేవాలయంలో "ఒర్గాజ్ ప్రభువు ఖననం" (1586–88) అతని కృతులలో తలమానికం. క్రింద భూలోకం: నల్లదుస్తుల పెద్దమనుషుల వరుస ముందు ఇద్దరు సాధువులు దిగివచ్చి ప్రభువు దేహాన్ని సమాధిలో ఉంచుతున్నారు. పైన స్వర్గం. రెంటికీ నడుమ ఒక దేవదూత మబ్బుల సందులోంచి పసికందు ఆకారంలో ఉన్న ఆత్మను పైకి చేరుస్తున్నాడు. ఈ పసికందు ఎక్కడిది? బైజాంటియం సంప్రదాయంలో దేవమాత నిర్యాణ చిత్రం ఒకటుంది. శయ్యమీద దేవమాత పవ్వళించి ఉంటుంది, చుట్టూ శిష్యులు. వెనుక క్రీస్తు నిలబడి తల్లి ఆత్మను పొత్తిళ్ళలోని పాపగా చేతుల్లో పట్టుకుంటాడు. తల్లి చేతుల్లో బిడ్డగా ఉన్నవాడు ఇక్కడ తల్లినే బిడ్డగా ఎత్తుకున్నాడన్నమాట. క్రీట్‌లో ప్రతి చిత్రకారుడూ వ్రాసిన ఘట్టమది. ఇరవై ఏళ్ళ తరువాత టొలెడోలో స్పానిష్ ప్రభువు చావును వ్రాయవలసి వచ్చినపుడు అతని చేతికి వచ్చినది ఆ చిన్ననాటి పాఠమే. అదే చిత్రంలో ముందువరుసన ఒక బాలుడు దివిటీ పట్టుకొని ఉంటాడు, చిత్రకారుని కొడుకు హోర్హె మానుయేల్. వాడి జేబులో నుంచి బయటికి వచ్చిన చేతిరుమాలుమీద గ్రీకు లిపిలో తండ్రి సంతకమూ, 1578 అనే అంకె. అది చిత్రించిన సంవత్సరం కాదు, కొడుకు పుట్టిన సంవత్సరం. చిత్రానికి చేసినట్లే బిడ్డకూ సంతకం చేసినట్టున్నది!

అయితే ఒక హెచ్చరిక. ఎల్ గ్రెకోలో సాగదీసిన ప్రతి దేహమూ, ప్రతి మెరుపూ బైజాంటియం వారసత్వమేనని వాదించేవారున్నారు. అది అతి. అతడు తిషియన్ నుంచి రంగును నేర్చాడు, తింతొరెత్తో నుంచి కదలికను నేర్చాడు. సాగదీసిన దేహాలు ఆనాటి ఇటలీలో అందరూ వేస్తున్నవే. (కంటిజబ్బు వల్ల అలా వేశాడన్న సిద్ధాంతమూ ఒకటి ప్రచారంలో ఉన్నది. జబ్బు కంటికి చిత్రంకూడ సాగి కనబడాలి గదా. అప్పుడు సరిదిద్దుకొని ఉండేవాడే.) అతడు చదివిన వసారి గ్రంథపు ప్రతి దొరికింది. ఇటాలియన్ చిత్రకారుల జీవితచరిత్రలు వ్రాసిన వసారి, గ్రీకు పద్ధతిని మొరటుదని తీసిపారేశాడు. ఆ పుటల అంచులలో ఎల్ గ్రెకో స్వహస్తంతో, గ్రీకు పద్ధతి ఏమిటో తెలిసి ఉంటే ఈయన ఇలా మాట్లాడడన్న భావంతో ఎదురు వ్రాశాడు. ఇంతకుమించిన సాక్ష్యం నాకు అవసరం లేదు.

అతడు నిజంగా ఐకన్ వ్రాతగాడేనా అని శంకించినవారికి సమాధానం ఆలస్యంగా దొరికింది. సీరోస్ ద్వీపంలోని ఎర్మూపోలి పట్నంలో దేవమాత నిర్యాణం పేరిట ఒక గుడి ఉన్నది. అక్కడ రెండడుగుల ఎత్తైన పాత ఐకన్ ఒకటి పూజలందుకుంటున్నది. 1824లో ప్సారా ద్వీపం నాశనమైనపుడు ప్రాణాలు దక్కించుకొని వచ్చిన కాందిశీకులు దానిని వెంట తెచ్చుకున్నారని చెబుతారు. 1983లో పురావస్తు పరిశోధకుడు యోర్గోస్ మస్తోరోపులోస్ ఆ చిత్రంలో మధ్యనున్న దీపస్తంభం అడుగున చిన్న అక్షరాలు గుర్తించాడు. "దొమీనికోస్ థియోటోకోపులోస్ ఒ దీక్సాస్" అని ఉన్నది. "చూపించినవాడు" అని అర్థం. వ్రాసినవాడు అనలేదు, చేసినవాడు అనలేదు. ఊరు కాలిపోతుంటే దేవమాతను గుండెకు హత్తుకొని పడవ ఎక్కినవారికి ఆ చిత్రం ఎవరు వ్రాసినదో తెలియదు. తెలిసినా వారికి అవసరం లేదు.

కాందిశీకుల మాట వచ్చింది గనుక 1922కు వద్దాం. ఆ సంవత్సరం ఆసియా మైనరులో గ్రీకు సైన్యం ఓడిపోయింది, స్మిర్నా నగరం తగలబడింది. మరుసటి ఏడాది లాసాన్ ఒప్పందం ప్రకారం మతాన్ని బట్టి జనాన్ని మార్చుకున్నారు. సుమారు 12 లక్షల మంది గ్రీసుకూ, దాదాపు 4 లక్షల మంది టర్కీకీ చేరారు. దేశవిభజన చరిత్ర చదివినవారికి ఈ అంకెల వెనుక ఏముంటుందో చెప్పనక్కరలేదు. ఆ గ్రీకులలో ఒకడు ఐవలి పట్నంవాడైన ఫోటిస్ కోంటోగ్లూ. 1895లో పుట్టాడు. తండ్రి చిన్నతనంలోనే పోతే, మఠాధిపతి ఐన మేనమామ పెంచాడు. ఆ మేనమామ ఇంటిపేరే తన పేరుగా ఉంచుకున్నాడు. యౌవనంలో పారిస్ వెళ్ళి ఆధునిక చిత్రకళ చూసి వచ్చినవాడే. 1922లో సర్వమూ వదలి లెస్బోస్ ద్వీపానికీ, అక్కడినుంచి ఏథెన్సుకూ చేరాడు. 1923లో ఆథోస్ పర్వతం మీది మఠాలకు పోయి గోడలమీది చిత్రాలకు నకళ్ళు వ్రాసుకుంటూ కూర్చున్నాడు. ఊరు పోయినవాడు ఊరికన్న పాతదైన దానిని పట్టుకున్నాడు.

ఏథెన్సు కళాశాలలలో అప్పటికి జర్మన్ పద్ధతి నడుస్తున్నది. మ్యూనిక్‌లో చదివివచ్చినవారే ఆచార్యులు. ఐకన్‌లను ముసలమ్మల భక్తి వస్తువులుగా చూసేవారు. కోంటోగ్లూ ఒక్కడూ గుడ్డుసొన రంగులనూ, తడిగోడ చిత్రవిద్యనూ మళ్ళీ నేర్చి, నేర్పాడు. 1932లో తన ఇంటి గోడలమీద పాతపద్ధతిలో చిత్రాలు వ్రాశాడు. ఆయనకు సాయపడిన ఇద్దరు కుర్రవాళ్ళు యానిస్ త్సారూహిస్, నికోస్ ఎంగోనోపులోస్. తరువాత ఇద్దరూ గ్రీసు ఆధునిక చిత్రకళలో అగ్రగణ్యులైనారు. ఆ గోడచిత్రం ఇప్పుడు జాతీయ చిత్రశాలలో ఉన్నది. 1960లో ఐకన్ రచనా విధానమంతా "ఎక్‌ఫ్రాసిస్" అనే గ్రంథంగా వ్రాశాడు. తన చిత్రాలమీద "ఖీర్ ఫొతియు" అని వ్రాసుకున్నాడు. నాలుగు వందల ఏళ్ళ తరువాత మళ్ళీ ఆ "చేయి". 1965లో మరణించాడు.

కోంటోగ్లూ పట్ల నాకు గౌరవమున్నది గాని పూర్తి అంగీకారం లేదు. పడమటి కళ యావత్తూ దేవుణ్ణి మరచినదని ఆయన కొట్టిపారవేసిన తీరులో, వసారి గ్రీకు పద్ధతిని కొట్టిపారవేసిన అహంకారమే తిరగబడి కనిపిస్తుంది. శిష్యులు ఆయనకన్న విశాలంగా ఆలోచించారు. ఎంగోనోపులోస్ ఐకన్ రంగులతో అధివాస్తవిక చిత్రాలు వేశాడు. త్సారూహిస్ నావికులను, కాఫీ హోటళ్ళను ఆ రంగులలోనే పట్టుకున్నాడు. "కరాగియోజిస్" అనే నీడబొమ్మలాటను కూడా గురువుగా భావించాడు. తోలుబొమ్మలాట చూస్తూ పెరిగినవారికి ఆయన చదునైన రంగులు పరిచితంగానే ఉంటాయి.

వీరందరూ మొక్కిన మనిషి ఒకడున్నాడు, థియోఫిలోస్. లెస్బోస్‌లోని వరియా గ్రామంవాడు. తాత ఐకన్ వ్రాతగాడు. ఇతడు ఫుస్తనేలా అనే పాతకాలపు కుచ్చెళ్ళ వస్త్రం కట్టుకొని, రంగుడబ్బాలు చంకనబెట్టుకొని వోలోస్ ప్రాంతపు ఊళ్ళలో తిరిగాడు. అన్నం పెట్టినవారి దుకాణం గోడమీద బొమ్మ వ్రాసేవాడు. ఉత్సవాల్లో అలెగ్జాండర్ వేషం వేసి పిల్లల్ని సైన్యంగా నడిపేవాడు. జనం ఎగతాళి చేశారు. నిచ్చెనమీద బొమ్మ వేస్తుండగా ఎవడో ఆకతాయి లాగితే పడిపోయాడనీ, ఆ తరువాతనే స్వగ్రామం చేరాడనీ చెబుతారు. 1934లో పేదరికంలోనే పోయాడు. చివరి సంవత్సరాలలో అదే ద్వీపంవాడు, పారిస్‌లో కళాగ్రంథాల ప్రకాశకుడు తెరియాద్ ఇతణ్ణి కనిపెట్టి రంగులూ గుడ్డలూ ఇచ్చి వ్రాయించాడు. 1961లో ఆ చిత్రాలు లూవ్ర్‌లో ప్రదర్శించారు. ఇప్పుడు వరియాలో అతని పేరిట మ్యూజియం ఉన్నది.

థియోఫిలోస్ చిత్రాల అడుగున కథ వ్రాసి ఉంటుంది: వీరుడెవరు, యుద్ధమెక్కడ, సంవత్సరమేది. అన్నీ అక్షరదోషాలే. గ్రీకులో "ఇ" అనే ఒక్క శబ్దాన్ని ఐదారు విధాలుగా వ్రాయవచ్చును. మన పిల్లలు శ, ష, సలతో పడే అవస్థ వారు ఇకారంతో పడతారు. ముప్పై ఏళ్ళకు పైగా ఎర్రసిరాతో దోషాలు దిద్దినవాణ్ణి నేను. ఈ చిత్రాల నకళ్ళు చూస్తే మాత్రం దిద్దాలనిపించదు. అక్షరం లేకపోతే చిత్రం పూర్తి కాదన్న తాతగారి శాసనాన్ని అతడు పాటించాడు, వచ్చిన అక్షరాలతోనే.

సముద్రం దాటినవారి సంగతి చూద్దాం. యానిస్ కునెలిస్ 1936లో పిరేయస్ రేవులో పుట్టి, 1956లో రోము వెళ్ళాడు. 1960లో అక్కడ జరిగిన మొదటి ప్రదర్శన పేరే "కునెలిస్ అక్షరమాల". తెల్లని గుడ్డలమీద నల్లని పెద్ద అక్షరాలు, అంకెలు, బాణపు గుర్తులు. ఓడలమీదా సరకు పెట్టెలమీదా అచ్చువేసే రకం. 1969లో ఒక చిత్రశాలలో 12 సజీవమైన గుర్రాలను కట్టి ప్రదర్శించి లోకాన్ని విస్మయపరచినవాడూ ఇతడే. బొగ్గు, గోనెసంచులు, ఉన్ని, ఇనుపరేకులు ఇతని రంగులు. రేవులో పెరిగినవాడి చేతికి మరేమి వస్తుంది? తాను గ్రీకు మనిషిననీ, ఐతే ఇటలీ చిత్రకారుణ్ణనీ చెప్పుకునేవాడు. 1994లో పిరేయస్ రేవులోనే ఒక సరకు ఓడలో తన పనులు ప్రదర్శించాడు. 2017లో రోములో పోయాడు.

అమెరికాలో కథ వేరు. అక్కడికి పోయిన గ్రీకు కుటుంబాలలో పుట్టి పెరిగిన థియొడోరోస్ స్టామోస్ (1922–1997) అమూర్త చిత్రకారుడు. తండ్రి ద్వీపం లెఫ్కాడా పేరుతో పెద్ద పెద్ద రంగుల పొలాలవంటి చిత్రమాల వేశాడు, చివరకు ఆ ద్వీపంలోనే సమాధి అయ్యాడు. కస్తోరియాలో పుట్టి యుద్ధంలో బాల్యం గడిపి 1948లో అమెరికా చేరిన లూకాస్ సమారస్, గుండుసూదులు గుచ్చిన, రంగుదారాలు చుట్టిన పెట్టెలు చేశాడు. అవశేషాలు దాచే బంగారు మందసాలు చర్చిలో చూసిన పిల్లవాడి పెట్టెలవి. 2024లో మరణించాడు. వీరిద్దరిమీదా వ్రాయవలసినది ఎంతో ఉన్నది. నా దారి అక్షరాలది గనుక క్రిసా దగ్గరికి వెళ్తాను.

క్రిసా 1933లో ఏథెన్సులో పుట్టింది. యౌవనంలో పారిస్ మీదుగా అమెరికా చేరింది. భాష సరిగా రాని ఆ వయసులో న్యూయార్క్ టైమ్స్ స్క్వేర్ నడుమ నిలబడి, మెరిసే ప్రకటనల దీపాలను చూసింది. చదువరి అర్థం చూస్తాడు. భాష రానివాడు అక్షరం ఆకారం చూస్తాడు. ఆ రాత్రి ఆకాశపు బంగారు కాంతిలో ఆమెకు బైజాంటియం ఐకన్‌ల బంగారు నేల కనిపించింది. ఈ మాట ఆమే చెప్పింది. మనకు వ్యాపార ప్రకటనల రొద అనిపించే చోట ఆమెకు చర్చిగోడ కనిపించడం విచిత్రమే. కాని ఆలోచిస్తే రెండు చోట్లా ఉన్నవి అవే: చీకటి, వెలుగు, పెద్ద అక్షరాలు. 1964 నుంచి 66 వరకు కష్టపడి "టైమ్స్ స్క్వేర్ ద్వారాలు" అనే శిల్పం నిర్మించింది. పదడుగుల ఎత్తైన ఉక్కు, గాజు, నియాన్ గొట్టాల నిర్మాణం. దాని ప్రవేశం "ఏ" అక్షరం ఆకారంలో ఉంటుంది, గ్రీకు "ఆల్ఫా"కూ అదే రూపం. మనిషి ఆ అక్షరం లోపలికి నడచిపోవచ్చును. ఇప్పుడది బఫలో నగరంలోని మ్యూజియంలో ఉన్నది. అంతకు ముందు, 1950లలో, అట్టపెట్టెల లోపలిభాగాన్ని ప్లాస్టరుతో పోతపోసి "సైక్లాడిక్ గ్రంథాలు" అని పేరు పెట్టింది. నాలుగువేల ఏళ్ళకు పైబడిన ఏజియన్ ద్వీపాల పాలరాతి ముఖాలకు కళ్ళూ నోరూ ఉండవు, ముక్కు గీత ఒక్కటే. అట్టపెట్టె మడతలో ఆమెకు ఆ ముక్కు కనిపించింది. గ్రంథం అని పేరు పెట్టినదానిలో ఒక్క అక్షరమూ లేదు.

నియాన్ పట్టుకున్న మరొకడు స్టీఫెన్ అంటోనాకోస్. 1926లో లకోనియా ప్రాంతపు పల్లె అయియోస్ నికోలాస్‌లో పుట్టి, నాలుగేళ్ళ పిల్లవాడుగా 1930లో అమెరికా వచ్చాడు. దశాబ్దాలపాటు శుద్ధమైన రేఖలూ, వర్తులాలూ నియాన్‌తో చేశాడు. అందులో గ్రీసు ఏదని ఎవరడిగినా అప్పట్లో చూపడం కష్టం. వయసు మళ్ళేకొద్దీ గొట్టాన్ని పలక వెనుకకు త్రిప్పాడు. దీపం కనబడదు, పలక అంచుల చుట్టూ గోడమీద కాంతి మాత్రం పరచుకుంటుంది. పలకమీద బంగారు రేకు. ముఖం లేదు, పేరు లేదు, తేజోమండలం ఒక్కటే మిగిలింది. చిన్నచిన్న ప్రార్థనా మందిరాలు రూపొందించాడు. 1997లో వెనిస్ ద్వైవార్షిక ప్రదర్శనలో గ్రీసు తరఫున "స్వర్గపు నిచ్చెన మందిరం" నిర్మించాడు. ఎల్ గ్రెకో ఓడ దిగిన వెనిస్‌లోనే.

ఐకన్‌లో నీడ లేకపోవడానికి కారణం వెలుగు బయటిది కాకపోవడమని పైన వ్రాశాను. కొయ్యకూ, గుడ్డుసొనకూ సాధ్యమైనంతవరకు చేసిన ఆ పనిని విద్యుద్దీపం అక్షరాలా చేసి చూపింది. కోంటోగ్లూ చూసి ఉంటే నియాన్ గొట్టాన్ని క్షమించేవాడు కాదేమో. నా మటుకు, ఆయన శిష్యపరంపరలోని చాలా నకళ్ళకన్న అంటోనాకోస్ పలకలే ఆథోస్ పర్వతానికి దగ్గరగా తోస్తాయి.

క్రిసా, అంటోనాకోస్ ఇద్దరూ 2013లోనే మరణించారు. ఆమె ఏథెన్సులో, ఆయన న్యూయార్కులో. ఏథెన్సు భూగర్భ రైలుమార్గంలో ఇద్దరి పనులూ ఉన్నాయి. ఎవాంగెలిస్మోస్ స్టేషనులో క్రిసా 1983లో చేసిన "మాట్ స్ట్రీట్". అది న్యూయార్క్ చైనావాడలోని వీధి పేరు, అక్కడి దుకాణాల చైనా అక్షరాలు ఆమెను ఆకర్షించాయి. రెండు స్టేషన్లు దాటితే అంబెలోకిపిలో అంటోనాకోస్ "ఊరేగింపు". రైలు దిగినవారు వాటి పక్కనుంచి పైకి వెళుతుంటారు.